నిరాశ్రయ యువత వసతి గృహాల్లో అంతర్గత రూపకల్పన

విషయక్రమం
1. ప్రస్తావన
2. నిరాశ్రయ యువత – చట్టం, కొలతలు
3. గది మనిషి మీద ఎలా పని చేస్తుంది?
4. రూపకల్పనలోని ముఖ్యాంశాలు
5. ఒక హాలును వసతిగా మార్చడం – నమూనా లెక్క
6. మూడు పట్టణాలు – మూడు అవసరాలు
7. నివసించేవారి భాగస్వామ్యం
8. సారాంశం
9. కీలక పదాలు
10. నమూనా ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నిరాశ్రయ యువత వసతికి సంబంధించిన ప్రధాన నిబంధనలను, స్థల ప్రమాణాలను చెప్పగలుగుతారు.
• గది అమరిక, వెలుతురు, నిల్వ సదుపాయం వంటివి అక్కడ ఉండేవారి భద్రతా భావాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో వివరించగలుగుతారు.
• ఖాళీ హాలును తక్కువ ఖర్చుతో వసతిగా మార్చే ప్రణాళికను గీయగలుగుతారు.
• మీ పట్టణ అవసరాలకు తగినట్లు ఆ ప్రణాళికను సవరించగలుగుతారు.

1. ప్రస్తావన

రాత్రి పదకొండు గంటలకు ధర్మవరం జంక్షన్‌లో రైలు దిగిన ఒక పందొమ్మిదేళ్ల యువకుణ్ణి ఊహించుకోండి. చేతిలో ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ కార్డు, ఒక ఫోను. ఇంటికి తిరిగి వెళ్లే దారి లేదు. ఎవరో అతనికి నిరాశ్రయుల వసతి గృహం దారి చూపించారు. లోపల ఒక పెద్ద హాలు, వరసగా పరచిన నలభై చాపలు, రాత్రంతా వెలిగే ఒకే ట్యూబ్‌లైటు. సంచి పెట్టుకునే చోటు లేదు. పది దాటితే తలుపుకు బయటి నుంచి తాళం పడుతుంది. మర్నాడు రాత్రి ఆ యువకుడు మళ్లీ ప్లాట్‌ఫారం మీదే కనిపిస్తాడు.

"ఉచితంగా నీడ ఇస్తే ఎందుకు కాదన్నాడు?" అని మనం అడుగుతాం. అతని వైపు నుంచి ఆలోచించండి. ప్లాట్‌ఫారం మీద సంచి తల కింద ఉంటుంది, వీపు గోడకు ఆనుకుని ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు కనిపిస్తారు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు. వసతి గృహంలో ఈ నాలుగూ లేవు. అతను నీడను కాదనలేదు. తన వస్తువులకూ, తన ఒంటికీ అక్కడ రక్షణ ఉందని నమ్మలేకపోయాడు.

ఈ నమ్మకాన్ని కలిగించడమే వసతి గృహంలో అంతర్గత రూపకల్పన చేయవలసిన పని. ఇంటీరియర్ డిజైన్ అనగానే ఖరీదైన సోఫాలు, ఫాల్స్ సీలింగ్ గుర్తుకు రావడం సహజం. ఈ పాఠంలో ఆ మాటను వేరే అర్థంలో వాడుతున్నాం. ఉన్న గోడల మధ్య స్థలాన్ని, పడకలను, వెలుతురును, గాలిని, నిల్వను మనిషి అవసరానికి తగినట్లు అమర్చడమే ఇక్కడ రూపకల్పన.

2. నిరాశ్రయ యువత – చట్టం, కొలతలు

రూపకల్పన మొదలుపెట్టే ముందు, వచ్చే వ్యక్తి వయస్సు ఎంతో తెలుసుకోవాలి. ఎందుకంటే 18 ఏళ్ల గీత దగ్గర చట్టం రెండు దారులుగా చీలుతుంది.

18 ఏళ్ల లోపువారు: వీరికి 2015 బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. సంరక్షణ అవసరమైన బాలుడు లేదా బాలిక కనిపిస్తే, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. తాత్కాలికంగా ఉంచడానికి ఓపెన్ షెల్టర్లు, దీర్ఘకాలం ఉంచడానికి బాలల గృహాలు ఉన్నాయి. 2016 కేంద్ర నమూనా నియమాల ప్రకారం 50 మంది పిల్లలుండే గృహంలో 25 మందికి ఒకటి చొప్పున, 1000 చదరపు అడుగుల పడక గదులు రెండు ఉండాలి. అంటే ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు. వీరిని పెద్దల వసతి గృహంలో ఉంచకూడదు.

18 ఏళ్లు నిండినవారు: బాలల గృహం నుంచి బయటికి వచ్చే యువతకు తరువాతి సంరక్షణ ఇవ్వవచ్చని అదే చట్టం చెబుతుంది. ఆ సహాయం అందనివారికి, ఇల్లు వదిలి వచ్చినవారికి మిగిలేది పట్టణ నిరాశ్రయుల వసతి గృహమే. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపోయే శాశ్వత వసతి ఉండాలని, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల స్థలం ఉండాలని సూచించాయి. వసతి గృహాలు రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల వంటి చోట్లకు దగ్గరలో ఉండాలని, వ్యక్తిగత లాకర్లు, వంట స్థలం, అగ్ని భద్రత, ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉండాలని కూడా చెప్పాయి.

ఈ లెక్కను మన పట్టణాలకు అన్వయించండి. 2011 జనగణన ప్రకారం హిందూపురం జనాభా లక్షన్నరకు పైన, ధర్మవరం జనాభా లక్షా ఇరవై వేలకు పైన ఉంది. అంటే హిందూపురంలో కనీసం 150 మందికి, ధర్మవరంలో కనీసం 120 మందికి చోటు ఉండాలి. అప్పటికి 30 వేల లోపు జనాభా ఉన్న పెనుకొండకు అంత పెద్ద భవనం అవసరం లేదు. కొన్ని గదులు చాలు.

1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వసతిని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. వసతి అంటే ప్రాణానికి, శరీరానికి రక్షణ మాత్రమే కాదని, మనిషి శారీరకంగా, మానసికంగా ఎదగడానికి వీలు కల్పించే చోటని వివరించింది. చదరపు అడుగుల లెక్క ఈ మాటలో మొదటి సగాన్ని మాత్రమే తీరుస్తుంది. రెండో సగాన్ని రూపకల్పన తీర్చాలి.

3. గది మనిషి మీద ఎలా పని చేస్తుంది?

గది అమరిక మనిషి ప్రవర్తనను మారుస్తుందా? ఇందుకు రెండు ప్రసిద్ధ ఉదాహరణలు చూద్దాం.

మొదటిది: 1950లలో కెనడాలోని ఒక ఆసుపత్రిలో వృద్ధుల వార్డును కొత్తగా తీర్చిదిద్దారు. అయినా రోగులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. మనస్తత్వవేత్త రాబర్ట్ సోమర్ పరిశీలిస్తే, కుర్చీలన్నీ గోడల వెంట వరసగా ఉన్నాయి. అలా కూర్చుంటే పక్కవాళ్ల ముఖం కనబడదు. కుర్చీలను చిన్న బల్లల చుట్టూ మార్చి వేసిన కొన్ని వారాలకు సంభాషణలు దాదాపు రెట్టింపయ్యాయి. కూర్చునే అమరికను మార్చినందువల్ల వచ్చిన మార్పు ఇది.

రెండోది: 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన అధ్యయనం. పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

ఇవి ఆసుపత్రుల ఉదాహరణలు. అయినా వసతి గృహాలకు వీటినుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. వీధిలో, రైళ్లలో రాత్రులు గడిపిన యువత నిద్రలో కూడా అప్రమత్తంగా ఉంటారు. వెనక నుంచి ఎవరైనా రావడం, హఠాత్తుగా లైటు వెలగడం, తలుపు మూసుకుపోవడం వారిలో పాత భయాన్ని లేపుతాయి. కాబట్టి ప్రతి నిర్ణయం ముందు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి:

(అ) ఇక్కడ పడుకున్న వ్యక్తికి తన వీపు వెనక ఏముందో తెలుసా?
(ఆ) తన వస్తువుకు తానే తాళం వేసుకోగలడా?
(ఇ) ఎవరినీ బతిమాలకుండా లైటు, ఫ్యాను, తలుపు వాడగలడా?

మూడింటికీ "అవును" అని జవాబు వస్తే అది వసతి. రాకపోతే అది కప్పు మాత్రమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
1. 18 ఏళ్ల లోపువారికి, నిండినవారికి వసతి నిబంధనల్లో తేడా ఏమిటి?
2. సోమర్ పరిశీలన నుంచి వసతి గృహ నిర్వాహకులు ఏమి నేర్చుకోవచ్చు?

4. రూపకల్పనలోని ముఖ్యాంశాలు

4.1 నిల్వ: అన్నిటికంటే ముందు లాకర్. కారణం స్పష్టం. ఆధార్, సర్టిఫికెట్లు పోతే ఫ్యాక్టరీలో పని దొరకదు, బ్యాంకు ఖాతా తెరవడం కష్టమవుతుంది. రెండడుగుల ఇనుప పెట్టె, దానికి నివసించేవారి సొంత తాళం చాలు. వీలైతే లాకర్ లోపలే ఫోను ఛార్జింగ్ పాయింటు ఇవ్వండి. ఫోను కోసం జరిగే తగాదాలు, దొంగతనాలు చాలావరకు తగ్గుతాయి.

4.2 పడక, ఏకాంతం: హాలును నలుగురేసి ఉండే అరలుగా విభజించాలి. అడ్డుగోడ నాలుగున్నర అడుగుల ఎత్తు ఉంటే సరిపోతుంది. కూర్చున్నవారికి మరుగు దొరుకుతుంది, గాలి ఆగదు, నిలబడిన సంరక్షకుడికి ప్రమాదం కనిపిస్తుంది. పూర్తి ఎత్తు గోడలు కడితే మూలల్లో వేధింపులకు చోటు ఏర్పడుతుంది. మంచం తలవైపు గోడకు ఆని ఉండాలి, పడుకున్నవారికి అర ద్వారం కనిపించాలి.

4.3 వెలుతురు: పగలు కిటికీ వెలుతురు, సాయంత్రం చదువుకునే చోట మంచి లైటు, రాత్రి నడవాలో నేలకు దగ్గరగా మసక వెలుతురు. ఒక్కో అరకు వేరే స్విచ్ ఉండాలి. మరుగుదొడ్ల దారి మాత్రం రాత్రంతా బాగా వెలగాలి. కూర్చునే చోట మన ప్రాంతపు కళను వాడవచ్చు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలుతో దీపాల తొడుగులు కూడా తయారు చేస్తారు. వాటి లోపల వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ బల్బులనే వాడాలి.

4.4 గాలి, వేడి: మనది వర్షాభావ ప్రాంతం, ఎండలు తీవ్రం. సిమెంటు కప్పు పగలంతా వేడెక్కి రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. కప్పు పైన తెల్ల సున్నం లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయడం అతి చౌకైన ఉపాయం. ఎదురెదురు కిటికీలు, పైభాగంలో వేడి గాలి పోయే వెంటిలేటర్లు, దోమలు రాకుండా జాలీ అవసరం. నేలకు తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు చల్లగా ఉంటాయి, కడగడం సులువు.

4.5 రంగు: ఫలానా రంగు వేస్తే మనసు బాగుపడుతుందని చెప్పే మాటలను పూర్తిగా నమ్మకండి. లేత రంగులు వెలుతురును ఎక్కువగా ప్రతిఫలిస్తాయన్నది మాత్రం నిజం. గోడ కింది నాలుగడుగులకు కడగడానికి వీలైన రంగు, పైన సున్నం లేదా లేత డిస్టెంపర్ వాడండి. ఒక గోడను నివసించేవారి ఇష్టానికి వదిలేయండి. అరలకు అంకెల బదులు గుర్తులు పెట్టవచ్చు. లేపాక్షి స్తంభాల మీది లతలు, హంసలు ధర్మవరం చీరల అంచుల్లో కనిపించేవే. అవే అర గుర్తులైతే చదవడం రానివారికీ తమ చోటు తెలుస్తుంది. "పదహారో నంబరు" అని పిలిపించుకునే బాధ తప్పుతుంది.

4.6 స్నానపు గదులు, మరుగుదొడ్లు: లోపలి గడియ, లోపల లైటు, బట్టలు తగిలించుకునే కొక్కెం, నీళ్లు తగలని ఎత్తులో చిన్న అరుగు. ఈ నాలుగూ లేని స్నానపు గదిని యువతులు వాడరు. యువతులకు వేరే ద్వారం ఉన్న వేరే విభాగం, మూత ఉన్న చెత్తబుట్ట, లోదుస్తులు ఎండలో ఆరేసుకునే మరుగైన చోటు తప్పనిసరి. ట్రాన్స్‌జెండర్ యువతకు ఎక్కడ సురక్షితంగా ఉంటుందో వారినే అడిగి నిర్ణయించాలి.

4.7 అగ్ని భద్రత: 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో పాకలో అగ్ని ప్రమాదం జరిగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. ఈ ఘటనను ప్రతి నిర్వాహకుడూ గుర్తుంచుకోవాలి. రాత్రి బయటి నుంచి తాళం వేయడం భద్రత కాదు. రెండు ద్వారాలు, బయటికి తెరుచుకునే తలుపులు, లోపలి నుంచి తాళం చెవి లేకుండా తీయగలిగే గడియ ఉండాలి. బయటివారు లోపలికి రాకుండా చూడడం సంరక్షకుడి పని. లోపలివారిని బంధించడం కాదు.

5. ఒక హాలును వసతిగా మార్చడం – నమూనా లెక్క

కొత్త భవనం కట్టే వరకు ఆగనవసరం లేదు. హైదరాబాదులో రెయిన్‌బో హోమ్స్ ప్రభుత్వ పాఠశాలల్లో వాడకుండా ఉన్న గదులను వీధి బాలలకు నివాసాలుగా మార్చాయి. అదే పద్ధతిలో మీకు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న హాలు దొరికిందని అనుకుందాం.

మొత్తం స్థలం: 40 × 30 = 1200 చదరపు అడుగులు.
ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చొప్పున: 1200 ÷ 50 = 24 మంది.

చాపలు వేస్తే నలభై మంది కూడా పడతారు. కానీ మనం 24 దగ్గరే ఆగాలి. అమరిక ఇలా ఉంటుంది:

(అ) పొడవు గోడల వెంట ఒక్కో వైపు 10 × 10 అడుగుల అరలు మూడు. రెండు వైపులా కలిపి ఆరు అరలు, 600 చదరపు అడుగులు.
(ఆ) రెండు వరసల మధ్య 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల నడవా, 300 చదరపు అడుగులు. ఇక్కడ మధ్యలో చిన్న బల్లలు వేసి భోజనానికి, చదువుకు వాడవచ్చు. రాత్రి దారికి అడ్డం రాకుండా బల్లలు మడిచిపెట్టాలి.
(ఇ) ద్వారం వైపు మిగిలిన 10 × 30 అడుగుల స్థలం, 300 చదరపు అడుగులు. ఇందులో సంరక్షకుడి బల్ల, మాట్లాడుకునే మూల, కొత్తగా వచ్చినవారు కూర్చునే చోటు ఉంటాయి. రెండో ద్వారం హాలు అవతలి చివర, నడవాకు ఎదురుగా ఉండాలి.

ఒక్కో అరలో మూడడుగుల వెడల్పు గల రెండంతస్తుల మంచాలు రెండు, ఎదురెదురుగా. మధ్యలో నాలుగడుగుల దారి. దారి చివర కిటికీ కింద నాలుగు లాకర్లు. వాటి పైభాగం కూర్చునే బల్లగా పనికి వస్తుంది. మంచం ఆరున్నర అడుగులు పోగా నడవా వైపు మిగిలిన మూడున్నర అడుగుల్లో కొక్కేలు, చెప్పుల అర. ద్వారానికి చేనేత నూలు తెర.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండంతస్తుల మంచం పైన కూర్చున్నవారి తల దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తుకు వస్తుంది. పదడుగుల కప్పుకు వేలాడే ఫ్యాను రెక్కలు చేయి చాపితే తగిలే దూరంలో ఉంటాయి. కాబట్టి అరల్లో గోడ ఫ్యాన్లు, నడవాలో మాత్రమే సీలింగ్ ఫ్యాన్లు బిగించాలి. పై మంచానికి పక్క కమ్మీ ఉండాలి. మూర్ఛ వ్యాధి, గాయాలు, గర్భం ఉన్నవారికి కింది మంచాలే ఇవ్వాలి.

డబ్బు ఒకేసారి రాకపోతే ఈ వరసలో ఖర్చు చేయండి: మొదట తలుపులు, గడియలు, మరుగుదొడ్లు, తరువాత లాకర్లు, తరువాత లైట్లు, ఫ్యాన్లు, కప్పుకు సున్నం, తరువాత అడ్డుగోడలు, మంచాలు, చివర రంగులు, బొమ్మలు. చాలా చోట్ల ఈ వరస తలకిందులవుతుంది. ప్రారంభోత్సవం రోజున గోడ మీద బొమ్మలు కనిపిస్తాయి, స్నానపు గదికి గడియ కనిపించదు.

6. మూడు పట్టణాలు – మూడు అవసరాలు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. కరువు ప్రాంతం నుంచి బెంగళూరుకు వలసపోయే కుటుంబాలు, పని కోసం వెళ్లే, ఓడి తిరిగివచ్చే యువత ఈ దారిలోనే ప్రయాణిస్తారు. అయినా మూడు చోట్లా అవసరం ఒకటి కాదు.

ధర్మవరం: ఇది జంక్షన్. రైళ్లు అన్ని వేళలా వస్తాయి కనుక వసతికి వచ్చేవారూ అన్ని వేళలా వస్తారు. ద్వారం దగ్గర కాళ్లు కడుక్కునే కుళాయి, కొత్తవారికి మొదటి రాత్రికి రెండు మంచాలు వేరుగా ఉంచితే, పడుకున్నవారిని లేపనవసరం ఉండదు. వివరాల నమోదు తెల్లవారాక చేయవచ్చు. 18 ఏళ్ల లోపువారని అనుమానం ఉంటే మాత్రం వెంటనే సంబంధిత అధికారులకు తెలపాలి.

హిందూపురం: చుట్టూ పరిశ్రమలున్న పట్టణం. షిఫ్టుల్లో పని చేసే యువత పగలు నిద్రపోతారు. కనీసం రెండు అరలకు మందపాటి ముదురు రంగు తెరలు ఉండాలి. ఉదయం ఎనిమిదికి అందరినీ బయటికి పంపే నియమం ఇక్కడ పనికిరాదు. హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల కోసం దుప్పట్లు పొడిగా దాచే అలమారా కూడా ప్రణాళికలో చేర్చండి.

పెనుకొండ: ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఈ చిన్న పట్టణం పని వెతుక్కునే యువతకు గమ్యమైంది. పని దొరికే వరకు, మొదటి జీతం చేతికి వచ్చే వరకు తల దాచుకునే చిన్న గృహం ఇక్కడ చాలు. పాత రాతి గోడల భవనమైతే మేకులు దిగవు. గోడకు బిగించే అరల బదులు నేల మీద నిలబడే చెక్క అడ్డుగోడలు, ఇనుప స్టాండ్లు వాడండి. ఇంటర్వ్యూకి వెళ్లేవారి కోసం ఒక నిలువుటద్దం, ఒక ఇస్త్రీ బల్ల పెట్టండి. వీటి ఖర్చు స్వల్పం, ప్రయోజనం పెద్దది.

7. నివసించేవారి భాగస్వామ్యం

ప్రణాళికను కాగితం మీద చూపిస్తే చాలామందికి అర్థం కాదు. సుద్దముక్కతో హాలు నేల మీద అసలు కొలతలతో గీయండి. ఆ గీతల మధ్య యువతను నిలబడమనండి, పడుకోమనండి. "ఇక్కడ పడుకుంటే తలుపు కనిపించడం లేదు", "ఈ మూల చీకటి" అని వాళ్లే చెబుతారు. సుద్ద గీతను చెరిపి మళ్లీ గీయడానికి ఖర్చు లేదు. కట్టిన గోడను పడగొట్టడానికి ఉంది. రంగులు వేయడం, చెక్క పని, విద్యుత్ బిగింపులో సహాయం చేసినవారికి కూలి చెల్లించండి. వారిచేత ఉచితంగా పని చేయించుకోవడం భాగస్వామ్యం కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
1. అడ్డుగోడను నాలుగున్నర అడుగులకే ఎందుకు పరిమితం చేయాలి?
2. హిందూపురం వసతి గృహంలో ముదురు తెరలు ఎందుకు అవసరం?

8. సారాంశం

నిరాశ్రయ యువత వసతి గృహానికి చట్టం స్థలాన్ని, సదుపాయాలను నిర్దేశిస్తుంది. ఆ స్థలం నమ్మదగినదిగా మారడం అంతర్గత రూపకల్పన మీద ఆధారపడుతుంది. వీపు వెనక గోడ, సొంత తాళం, చేతికందే స్విచ్, లోపలి నుంచి తెరుచుకునే తలుపు ప్రాథమిక అవసరాలు. అలంకారం వాటి తరువాతే. స్థానిక వాతావరణం, పని వేళలు, రాకపోకలను బట్టి ఒకే నమూనాను ఒక్కో పట్టణంలో ఒక్కో విధంగా మార్చుకోవాలి. ప్లాట్‌ఫారం మీదికి తిరిగి వెళ్లిన ఆ పందొమ్మిదేళ్ల యువకుడు రెండో రాత్రి కూడా వసతి గృహానికే వచ్చాడా లేదా అన్నదే మీ రూపకల్పనకు అసలైన పరీక్ష.

9. కీలక పదాలు

అంతర్గత రూపకల్పన: ఉన్న భవనంలో స్థలం, వెలుతురు, గాలి, సామగ్రిని మనిషి అవసరానికి తగినట్లు అమర్చడం.
ఓపెన్ షెల్టర్: 18 ఏళ్ల లోపు బాలలకు తాత్కాలిక ఆశ్రయం ఇచ్చే గృహం.
తరువాతి సంరక్షణ: బాలల గృహం వదిలిన యువతకు స్వతంత్ర జీవనం కోసం ఇచ్చే సహాయం.
అర: హాలులో తక్కువ ఎత్తు అడ్డుగోడలతో విడదీసిన నివాస భాగం.

10. నమూనా ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. వసతి గృహంలో లాకర్ ప్రాధాన్యాన్ని వివరించండి.
2. తక్కువ ఖర్చుతో వేడిని తగ్గించే పద్ధతులను తెలపండి.

II. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. 50 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల హాలును వసతిగా మార్చే ప్రణాళికను లెక్కలతో వివరించండి.
2. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ పట్టణాల అవసరాలను పోల్చి చర్చించండి.

III. క్షేత్ర అభ్యాసం: మీ పట్టణంలోని ఒక వసతి గృహాన్ని నిర్వాహకుల అనుమతితో సందర్శించండి. నివసించేవారి ఫొటోలు తీయకండి, పేర్లు రాసుకోకండి. మూడవ భాగంలో ఇచ్చిన మూడు ప్రశ్నలకు అక్కడ దొరికిన జవాబులను రాసి, వెయ్యి రూపాయల లోపు ఖర్చుతో చేయగల ఒక మార్పును సూచించండి. ఆ సూచనను మీ నోట్సులో రాయడంతో ఆగకుండా నిర్వాహకులకు కూడా అందజేయండి.